సంతకం లేని సలహా: అమెరికా జాతీయ భద్రతా మండలి నడిచిన దారి

మన కథల్లో మంత్రికి పేరుంటుంది. తిమ్మరుసు అనీ, యుగంధరుడు అనీ పేరు వినగానే ఎవరు ఎవరికి ఏం చెప్పారో, చెప్పినందుకు ఏమైందో తెలుగువాడికి గుర్తుకొస్తుంది. తిమ్మరుసు కళ్లు తీయించిన కథ చరిత్రగా నిలుస్తుందా నిలవదా అన్నది చరిత్రకారులు తేల్చుకోవలసిన సంగతి. ఆ కథ జనంలో ఇన్ని తరాలు బతికిందంటే మాత్రం ఒక కారణం ఉంది. సలహా చెప్పినవాడు దానికి పూచీ పడవలసి ఉంటుందని జనం నమ్మారు. ఈ నమ్మకాన్ని తలకిందులు చేసిన ఒక సంస్థ ఇరవయ్యో శతాబ్దం మధ్యలో పుట్టింది. సలహా చెప్పడమే తన పని అని చెప్పుకొని, ఆ మాట చాటునే ఎవరికీ పూచీ లేని అధికారంగా అది ఎలా ఎదిగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అది అమెరికా జాతీయ భద్రతా మండలి. 1947 జులై 26న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన జాతీయ భద్రతా చట్టం కింద ఏర్పడింది. సి.ఐ.ఏ. కూడా ఆ చట్టం సంతానమే. స్వదేశీ, విదేశీ, సైనిక విధానాలను భద్రత దృష్ట్యా ఒకచోట చేర్చి అధ్యక్షుడికి సలహా చెప్పడమే మండలి పని అని చట్టం చెప్పింది. సొంత సైన్యం లేదు, శాఖ లేదు, ఆజ్ఞాపించే హక్కు లేదు. ఆ సెప్టెంబరు 26న మొదటిసారి సమావేశమైంది. ఇది తన అధికారానికి అడ్డుపడుతుందేమోనన్న అనుమానంతో ట్రూమన్ తొలి మూడేళ్లూ దాని సమావేశాలకు అరుదుగానే వెళ్లాడు. 1950లో కొరియా యుద్ధం వచ్చాకనే ఆయన ఆ బల్ల దగ్గర స్థిరంగా కూర్చున్నాడు.

సాహిత్య పత్రికలో ఈ గొడవ ఎందుకని అడిగే పాఠకులుంటారు. ఆ మండలి పుట్టిన ఏడాది తిరగకుండానే రాసుకున్న ఒక వాక్యం రచయితల రాతబల్లల దాకా వచ్చింది కనుక. అది ఎక్కడ పుట్టిందో తెలియకుండా గత శతాబ్దపు సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయం అర్థం కాదు.

ఆ వాక్యం 1948 జూన్ 18 నాటి 10/2 అనే పత్రంలో ఉంది. అంతకు ముందరి డిసెంబరులోనే రహస్య ప్రచారం చేసే పనిని మండలి సి.ఐ.ఏ.కు అప్పగించింది. 1948 ఏప్రిల్‌లో జరిగిన ఇటలీ ఎన్నికల్లో కమ్యూనిస్టులు గెలవకుండా డబ్బు ప్రవహించింది. ఆ అనుభవం రుచి చూచిన తర్వాత వచ్చిన పత్రం ఇది. ప్రచారం, ఆర్థిక యుద్ధం, విధ్వంసం, కూల్చివేతలు, శత్రు రాజ్యాల్లో కుట్రలు, గెరిల్లాలకు సహాయం వంటివన్నీ పేరుపేరునా చెప్పింది. వీటిని ‘రహస్య కార్యకలాపాలు’ అంటారని నిర్వచించింది. పని ప్రభుత్వమే చేయిస్తుంది. ఆ సంగతి బయటివాళ్లకు కనపడకూడదు. ఒకవేళ బయటపడితే, మాకేం సంబంధం లేదని ప్రభుత్వం నమ్మేటట్లు చెప్పగలిగి ఉండాలి. స్థూలంగా ఆ నిర్వచనం సారాంశం ఇదే.

సాహిత్య విద్యార్థులు ఈ నిర్వచనాన్ని రెండోసారి చదవాలి. లోకంలో ముందు పని జరుగుతుంది, పట్టుబడ్డాక అబద్ధం పుడుతుంది. ఇక్కడ అబద్ధం ముందే తయారై కూర్చుంటుంది, పని దానికి సరిపోయేటట్లు రూపుదిద్దుకోవాలి. రేపు ఏమని బుకాయిస్తామో దాన్నిబట్టి ఈరోజు ఏం చేయాలో నిర్ణయమవుతుంది. ఇలాంటి కాగితాల్లో కర్త తరచుగా మాయమవుతాడు, అన్నీ ‘జరుపబడతాయి’. మన సర్కారు తెలుగులో ‘పరిశీలింపబడును’, ‘చర్య తీసికొనబడును’ అన్న మాటల్ని వెక్కిరించి నవ్వుకుంటాం గాని, ఆ ‘బడు’ ప్రత్యయంలో ఎంత రాజకీయం దాగి ఉందో ఆలోచించం.

10/2 పత్రం ఫలితంగా ఫ్రాంక్ విస్నర్ అనే ఆయన కింద ఒక కార్యాలయం వెలిసింది. దాని పేరు ‘విధాన సమన్వయ కార్యాలయం’. ఇంత చప్పటి పేరు పెట్టినవాడు మొద్దు కాదు. 1950 జూన్ 26న, అంటే కొరియాలో యుద్ధం మొదలైన మర్నాడు, పశ్చిమ బెర్లిన్‌లో సాంస్కృతిక స్వాతంత్ర్య మహాసభ ప్రారంభమైంది. తత్వవేత్తలు, నవలాకారులు, పండితులు వచ్చారు. ఖర్చు ఈ కార్యాలయం భరించింది. ఆ సభే శాశ్వత సంస్థగా మారి, 1953లో లండన్ నుంచి స్టీఫెన్ స్పెండర్, ఇర్వింగ్ క్రిస్టల్ సంపాదకత్వంలో ‘ఎన్‌కౌంటర్’ పత్రిక తెచ్చింది. దానికి భారత శాఖ కూడా ఉంది. 1951 మార్చిలో మొదట ఢిల్లీలో జరపాలనుకున్న సభ, ప్రభుత్వం ఇష్టపడకపోవడంతో బొంబాయికి మారింది. ఆడెన్, స్పెండర్ వంటి కవులు ఆ సభకు వచ్చారు. 1955లో భారత శాఖ పక్షాన ‘క్వెస్ట్’ పత్రిక మొదలైంది. దాని మొదటి సంపాదకుడు నిస్సిం ఎజెకీల్, మంచి కవి.

ఈ డబ్బు ఎక్కడిదో 1966, 1967 సంవత్సరాల్లో అమెరికన్ పత్రికలే బయటపెట్టాయి. సి.ఐ.ఏ.లో ఆ విభాగాన్ని నడిపిన టామస్ బ్రేడన్ 1967లో తానే వ్యాసం రాసి, చేసింది మంచి పనేనని సమర్థించుకున్నాడు. స్పెండర్ రాజీనామా ఇచ్చి బయటికొచ్చాడు. తనకు తెలియదన్నాడు. ఆ పత్రికల్లో రాసిన చాలామందికి తెలియదన్న మాట నిజమే. ‘ఎన్‌కౌంటర్’లో మంచి రచనలు వచ్చాయన్న మాట కూడా నిజమే. ఆనాడు ప్రగతిశీల శిబిరం నుంచి ఈ సంస్థను దుయ్యబట్టినవాళ్లు డబ్బు విషయంలో సరిగానే ఊహించారు గాని, అందులో రాసిన ప్రతివాడూ అమ్ముడుపోయాడని అనడం పొరపాటు. నిజానికి అమ్ముడుపోయినవాడితో వాళ్లకు పని తక్కువ. నిజాయితీగా, తన సొంత నమ్మకంతో రాసే రచయితే వాళ్లకు కావాలి. అతడికి తెలియకపోవడమే 10/2 పత్రం కోరిన షరతు. అడిగితే ‘నన్నెవరూ కొనలేదు’ అని అతడు గుండెమీద చెయ్యేసి చెప్పగలడు. నమ్మేటట్లు బుకాయించడానికి కావలసిన ముడిసరుకు ఆ గుండెలోని నిజాయితీయే. ఒక రచయితకు ఇంతకన్న పెద్ద అవమానం ఏముంటుంది?

మండలి కాగితాల్లో అన్నిటికన్న ప్రసిద్ధమైనది 1950 ఏప్రిల్ నాటి 68వ పత్రం. పాల్ నిట్జే బృందం రాసింది. లోకాన్ని బానిస రాజ్యంగా, స్వేచ్ఛా సమాజంగా రెండు ముక్కలు చేసి, మధ్యేమార్గం లేదని తేల్చి, సైనిక వ్యయం భారీగా పెంచాలన్నది. అప్పటికి సుమారు 1,300 కోట్ల డాలర్లున్న వ్యయం కొరియా యుద్ధం సందులో మూడు రెట్లకు పైగా పెరిగింది. పుస్తకాల్లో దీన్ని గొప్ప వ్యూహపత్రం అంటారు. చదివితే పురాణ ప్రవచనంలా ఉంటుంది. అప్పటి విదేశాంగ మంత్రి అచెసన్ తన జ్ఞాపకాల్లో, అధికార యంత్రాంగం బుర్రకెక్కించడానికి ఉన్న విషయాన్ని కాస్త ఎక్కువ చేసి చెప్పవలసి వచ్చిందని దాదాపు ఒప్పుకొన్నాడు. ప్రజలు మాత్రం 1975 దాకా ఆ పత్రం చూడలేదు. పాతికేళ్లపాటు వాళ్ల పన్నులు ఏ వాదం మీద ఖర్చవుతున్నాయో వాళ్లకే తెలియదు.

ఐసెన్‌హోవర్ 1953లో భద్రతా వ్యవహారాల ప్రత్యేక సహాయకుడి పదవి సృష్టించి, రాబర్ట్ కట్లర్ అనే బోస్టన్ బ్యాంకరును అందులో కూర్చోబెట్టాడు. చిత్రమేమంటే ఈ కట్లర్ పడుచుతనంలో నవలలు రాసినవాడు. ఇరాన్‌లో మొసాదెక్‌ను కూల్చినదీ (1953 ఆగస్టు), గ్వాటెమాలాలో ఆర్బెంజ్‌ను దించినదీ (1954 జూన్) ఈ కాలంలోనే. రహస్య కార్యకలాపాలకు ఆమోదం ఇవ్వడానికి మండలికి అనుబంధంగా ఒక చిన్న బృందం ఏర్పడింది. దాన్ని ఏర్పరచిన ఉత్తర్వు అంకెతో ‘5412 బృందం’ అన్నారు. 1964లో ఇద్దరు పత్రికా రచయితలు తమ పుస్తకంలో దాని సంగతి బయటపెట్టేసరికి అదే ‘303 కమిటీ’ అయింది. మనుషులు మారలేదు, పని మారలేదు, బోర్డు మారింది. 1970లో అదే ‘40 కమిటీ’. 1976లో, పార్లమెంటరీ విచారణల తర్వాత, ‘కార్యకలాపాల సలహా బృందం’. ఈ చివరి పేరు చూడండి: కార్యకలాపాలకు సలహా! పేరులో సలహా చేరినంత మాత్రాన పనికి పూచీ పడేవాడెవరూ కొత్తగా చేరలేదు.

మన దేశానికి ఈ మండలి కథ తగిలింది 1971లో. ఆ మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం ఊచకోత మొదలుపెట్టింది. అక్కడి అమెరికన్ కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ చూచింది చూచినట్లు రాసి పంపాడు. ఏప్రిల్ 6న అక్కడ పనిచేసే 20 మంది అమెరికన్లు తమ ప్రభుత్వ మౌనాన్ని నైతికంగా దివాళా అని ఖండిస్తూ పేర్లు పెట్టి తంతి పంపారు. బ్లడ్ దాన్ని సమర్థించాడు. ఇది కూడా సలహాయే. కింది ఉద్యోగి పైవాడికి, తన పేరు మీద, కళ్లారా చూచిన సాక్ష్యంతో ఇచ్చిన సలహా. దానికి దక్కిన ఫలితం బదిలీ. తిమ్మరుసు కథ గుర్తుకొస్తే పాఠకుల తప్పు కాదు.

అదే కాలంలో భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా పెకింగు వెళ్లే ప్రయత్నంలో ఉన్నాడు. జులైలో వెళ్లాడు. ఆ దారి చెడకూడదన్న లెక్కలో లక్షల మంది ప్రాణాలు పద్దు కిందికి రాలేదు. డిసెంబరు 3న యుద్ధం మొదలైంది. ఆ రోజు వాషింగ్టన్‌లో మండలి అనుబంధంగా ఉన్న ప్రత్యేక చర్యల బృందం కూర్చున్నప్పుడు, భారత్ మీద తగినంత కఠినంగా లేమని అధ్యక్షుడు అరగంటకోసారి తనను చీవాట్లు పెడుతున్నాడనీ, ఆయన పాకిస్తాన్ వైపు మొగ్గాలంటున్నాడనీ కిసింజర్ చెప్పాడు. అక్కడ పగలు, మనకు రాత్రి. ఆ అర్ధరాత్రే విశాఖపట్నం రేవు ముందు ఘాజీ జలాంతర్గామి మునిగిపోయింది. వారం తిరిగేసరికి, డిసెంబరు 10న, ‘ఎంటర్‌ప్రైజ్’ అనే అణుశక్తి విమానవాహక నౌకను బంగాళాఖాతం వైపు నడిపే ఉత్తర్వు వచ్చింది. ఢాకాలో ఉన్న అమెరికన్లను తరలించడానికని సాకు చెప్పారు.

బయట ఏమో అమెరికా భారత వ్యతిరేకి కాదని చెబుతూ వచ్చారు. ఆ సమావేశాల నోట్సులు జాక్ ఆండర్సన్ అనే పత్రికా రచయిత చేతికి చిక్కి, 1972 జనవరి మొదట్లో అచ్చులో కనిపించాయి. గదిలో మాట ఒకటి, వీధిలో మాట ఒకటి అని అందరికీ తెలిసింది. ఆండర్సన్‌కు ఆ ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. ఎవరు చేరవేశారని వెతికితే మరో వింత బయటపడింది. మండలి కార్యాలయంలో పనిచేసే నౌకాదళ గుమాస్తా ఒకడు కిసింజర్ కాగితాలను దొంగతనంగా నకళ్లు తీసి సైన్యాధిపతులకు ఇస్తున్నాడు! లోకం మొత్తానికి భద్రత అల్లుతున్న ఇల్లు ఇది.

చిలీ విషయానికి వస్తే, పైన చెప్పిన రెండు దారాలూ అక్కడ ఒకే మనిషి దగ్గర ముడిపడతాయి. పాబ్లో నెరూడా నోబెల్ బహుమతికి పరిశీలనలో ఉన్నాడని తెలిసి, ఆయనకు అది రాకుండా చూడాలని సాంస్కృతిక స్వాతంత్ర్య సంస్థ వాళ్లు 1963 ప్రాంతంలో ఆయన రాజకీయాల మీద వ్యతిరేక నివేదిక తయారు చేయించి తిప్పారు. అది 10/2 పత్రం పెరటి చెట్టు. నెరూడాకు 1971లో బహుమతి వచ్చింది. ఇంకోపక్క 1970లో అయెండే ఎన్నిక కాగానే ఆయన అధికారానికి రాకుండా ఆపమని సెప్టెంబరు 15న నిక్సన్ సి.ఐ.ఏ. అధిపతికి చెప్పాడు. ఈ పని ‘40 కమిటీ’కి కూడా తెలియనివ్వలేదు. రహస్యం కోసం పుట్టిన కమిటీకే రహస్యం! రాజ్యాంగానికి కట్టుబడిన సైన్యాధిపతి రెనే ష్నైడర్ మీద అక్టోబరు 22న దుండగులు కాల్పులు జరిపారు. మూడు రోజులకు చనిపోయాడు. 1973 సెప్టెంబరు 11న కుట్ర ఫలించింది. గాయకుడు విక్టర్ హారాను చంపారు. నెరూడా ఆ నెల 23న శాంటియాగో ఆస్పత్రిలో కన్నుమూశాడు. ఆయన ఇళ్లను సైనికులు సోదా చేశారు, లూటీ చేశారు.

సెనేటర్ చర్చ్ అధ్యక్షతన 1975లో విచారణ జరిగినప్పుడు సభ్యులు ఒక సాదా ప్రశ్న దగ్గర మాటిమాటికీ ఆగిపోయారు. చంపమని ఎవరు చెప్పారు? కాస్ట్రో మీద, లుముంబా మీద కుట్రలు జరిగాయని తేలింది గాని, అధ్యక్షుడి నోట ఆ మాట వచ్చిందా అన్నది తేలలేదు. గదిలో అందరూ చుట్టుతిప్పి మాట్లాడారు, ఎవరికి వారు అర్థం చేసుకున్నారు. ప్రపంచం ముందు బుకాయించడానికి కనిపెట్టిన భాష చివరికి ఒకే గదిలో కూర్చున్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే భాష అయిపోయింది.

ఇది ఒక్క అమెరికాకే పట్టిన రోగమని అనుకుంటే చరిత్రకు అన్యాయం చేసినట్లే. 1979 డిసెంబరు 12న మాస్కోలో కొద్దిమంది కూర్చుని ఆఫ్ఘనిస్తాన్‌లోకి సైన్యాన్ని పంపడానికి ఆమోదించారు. ఆ తీర్మానం ఒక్క పేజీ, చెర్నెన్కో చేతిరాత. అందులో ఆఫ్ఘనిస్తాన్ అన్న మాటే లేదు. ‘ఆ’ అనే ఒక్క అక్షరంలో పరిస్థితి గురించి అని శీర్షిక, కొన్ని ‘చర్యలకు’ ఆమోదం అని విషయం. ఇక్కడ సంతకాలున్నాయి, దేశం పేరు లేదు. సోషలిస్టు శిబిరాన్ని అభిమానించిన మనబోటి వాళ్లం ఈ కాగితం ముందు కూడా అంతసేపూ నిలబడాలి.

తిరిగి వాషింగ్టన్‌కు. రీగన్ కాలంలో మండలి సిబ్బంది సలహాతో ఆగక స్వయంగా రంగంలోకి దిగారు. ఇరాన్‌కు రహస్యంగా క్షిపణులు అమ్మారు. వచ్చిన లాభాన్ని నికరాగువాలో ప్రభుత్వం మీద పోరాడే కాంట్రాలకు మళ్లించారు. కాంట్రాలకు గూఢచారి సంస్థలు సైనిక సహాయం చేయరాదని అమెరికన్ పార్లమెంటు 1984లో నిషేధించింది. అయితే మండలి గూఢచారి సంస్థ కాదు కదా, సలహా సంఘం మాత్రమే, కనుక ఈ నిషేధం మాకు వర్తించదన్నారు! 1947 చట్టంలో నిస్సహాయంగా కనిపించిన ఆ సలహా అన్న మాట 1985 నాటికి చట్టాన్ని తప్పించుకునే దొడ్డిదారి అయింది. 1986 నవంబరులో ఒక లెబనాన్ పత్రిక ఆయుధాల సంగతి రాసింది. ఆలివర్ నార్త్ కార్యాలయంలో కాగితాలు ముక్కలు చేసే యంత్రం ఆగకుండా తిరిగింది. 1987 జులైలో భద్రతా సలహాదారు పాయిండెక్స్టర్ విచారణ ముందు, లాభం మళ్లించిన సంగతి అధ్యక్షుడికి కావాలనే చెప్పలేదనీ, బయటపడితే ఆయన తనకు తెలియదని అనగలగాలనే అలా చేశాననీ చెప్పాడు. 1948లో రాజ్యం పరాయి రాజ్యాల దగ్గర దాచింది. 1987 నాటికి సలహాదారు సలహా అడిగినవాడి దగ్గరే దాస్తున్నాడు. నార్త్‌కు, పాయిండెక్స్టర్‌కు పడిన శిక్షలు తర్వాత పై కోర్టుల్లో కొట్టివేశారు.

కాగితాలు ముక్కలయ్యాయి గాని, వాళ్లు కంప్యూటర్లలో పంపుకున్న సందేశాలు నిల్వ టేపుల్లో మిగిలాయి. వాటిని చెరిపేయకుండా ఆపాలని 1989 జనవరిలో ఒక పత్రికా రచయిత, కొందరు పరిశోధకులు కోర్టుకెక్కారు. టేపులు దక్కాయి. వ్యాజ్యం మాత్రం 1996లో ఇంకో తీర్పు దగ్గర ముగిసింది. మండలి అధ్యక్షుడికి సలహా చెప్పేదే తప్ప స్వతంత్ర అధికారం గల ప్రభుత్వ సంస్థ కాదనీ, కనుక సమాచార స్వేచ్ఛా చట్టం కింద దాని కాగితాలు అడిగే హక్కు పౌరుడికి లేదనీ అప్పీలు కోర్టు తేల్చింది. ఇరాన్ నుంచి నికరాగువా దాకా అంత పని చేసినవాళ్లు చట్టం కళ్లకు మళ్లీ సలహాదారులే అయ్యారు.

మన దేశంలో ఇలాంటి మండలిని మొదట 1990లో వి.పి. సింగ్ ప్రభుత్వం ప్రకటించింది. అది ఒక్కసారి సమావేశమై మూలపడింది. పోఖ్రాన్ అణు పరీక్షలు జరిగిన 1998లోనే, నవంబరులో, వాజపేయి ప్రభుత్వం దాన్ని మళ్లీ ఏర్పరచింది. మొదటి భద్రతా సలహాదారు బ్రజేశ్ మిశ్రా. బయటి నిపుణులతో కూడిన సలహా బోర్డుకు కె. సుబ్రహ్మణ్యం సారథ్యం వహించారు. అమెరికాలో కనీసం పార్లమెంటు చేసిన చట్టం ఉంది, మనకు అదీ లేదు, కార్యనిర్వాహక తీర్మానమే ఆధారం. అయినా సుబ్రహ్మణ్యం బోర్డు ఒక మంచి పని చేసింది. అది రాసిన అణు సిద్ధాంతం ముసాయిదాను 1999 ఆగస్టు 17న బయటపెట్టారు. దానితో ఏకీభవించినవాళ్లూ, మండిపడినవాళ్లూ చదివి వాదించుకున్నారు. ప్రభుత్వం తన తుది నిర్ణయాన్ని 2003 జనవరిలో ఒక చిన్న ప్రకటనగా ఇచ్చి ఊరుకుంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మిగతా విషయాల్లో జవాబు చెప్పనక్కరలేని సంస్థల జాబితా ఆ చట్టం రెండో షెడ్యూలులో ఉంది. జాతీయ భద్రతా మండలి సచివాలయం ఆ జాబితాలో ఉంది.